వెయిటింగ్ లిస్టులో గూడబాతు

ఒక పెద్ద అడవిలో ఒక కొలను, కొలను నడుమ ఒక లంక. ఆ లంకకి చిన్నాపెద్దా జంతువుల్ని వీపు మీద ఎక్కించుకుని ఎగిరే గూడబాతు పేరు బుల్లబ్బాయి. ప్రయాణానికి రెండు చేపలు. లేవంటే, "మళ్లీ ఇద్దువుగానిలే" అనేవాడు. ఇంత మంచివాణ్ణి నక్క నాగలింగం ఊరికే వదులుతాడా?

కంపెనీ పెట్టాడు. చెదపురుగులు చెక్క పలక మీద పేర్లూ ఛార్జీలూ చకచకా కొరుకుతుంటే, చిలక చదివి చెప్పేది. దాన్ని అందరూ భక్తిగా 'సిస్టమ్' అనేవారు. బుల్లబ్బాయి రెక్కలు ఇక కంపెనీ రెక్కలని, సిస్టమ్‌లో టికెట్టు లేకుండా అవి కదలకూడదని ఒప్పందం. బుల్లబ్బాయి చదవకుండానే కాలిముద్ర వేసేశాడు. మనం మాత్రం చదువుతామా ఏమిటి!

ఓ పొద్దున కాకి రొప్పుతూ వచ్చింది. "ఒరేయ్ బుల్లబ్బాయ్! లంకలో మీ గూట్లో గుడ్డు బీటలిచ్చిందిరా! సాయంత్రంలోగా పిల్ల బయటికొస్తుందట. మీ ఆవిడ రమ్మంటోంది."

మొదటి పిల్ల! సంతోషంతో అతని కాలు ఒకచోట నిలవలేదు. పరుగున కౌంటర్ దగ్గరికెళ్లాడు.

"చిలకమ్మా, లంకకి ఒక టికెట్టు. నాకే."

"ఎవరి మీద వెళ్తారు సార్?"

"నా మీదే!"

"తప్పకుండా సార్. రెండు చేపలు."

"నా వీపుకి నేనే చేపలివ్వాలా? ఇంకోసారి చూడు తల్లీ."

చెదలు కొరికాయి. "నాలుగు సార్."

"అదేంటే!"

"గిరాకీ పెరిగింది సార్. లంకకి ఇప్పుడే ఇద్దరు అడిగారు."

"ఆ ఇద్దరూ నేనే!"

"ముగ్గురయ్యారు సార్. ఎనిమిది."

ఇంకో మాటంటే పదహారవుతుందని హడలిపోయి, గొంతు సంచిలో దాచుకున్న చేపలన్నీ కక్కి ఇచ్చాడు.

"ధన్యవాదాలు సార్. వెయిటింగ్ లిస్టులో మీరే మొదటివారు."

అతని వీపు మీద చోటు అయిదుగురికి. ఇద్దరు ఎలాగూ రారులే అని సిస్టమ్ ఏడు టికెట్లు అమ్మింది. ఆవేళ లంకలో నేరేడుపళ్ల జాతర. ఏడుగురూ వచ్చారు, వాళ్లలో నాగలింగం కూడా ఉన్నాడు. అందరూ ఒకరి మీద ఒకరెక్కి కూర్చున్నారు.

"ఊపిరాడటం లేదు! కన్‌ఫర్మ్ కానివాళ్లు దిగండి!" అని నాగలింగం గద్దించాడు.

చిలక పలక చూసింది. "ఒక్కరే ఉన్నారు సార్. బుల్లబ్బాయి గారు."

"నేను దిగితే ఎగిరేదెవరండీ?" అన్నాడు బుల్లబ్బాయి.

"ఫ్లైట్ ఆన్ టైమ్ అని సిస్టమ్ చూపిస్తోంది. సిస్టమ్ కంటే నీకెక్కువ తెలుసా?"

"మేం చేపలిచ్చి కొనుక్కున్నాం," అని పందికొక్కు విసుక్కుంది. "వెయిటింగ్ వాళ్ల వల్ల మాకెందుకయ్యా ఆలస్యం?"

బుల్లబ్బాయి వాళ్ల కిందనుంచి మెల్లగా జారి పక్కకొచ్చాడు. ఏడుగురూ గట్టు అంచున వరసగా సర్దుకున్నారు. "తోకలు ముడుచుకోండి, బయలుదేరుతున్నాం!" అని చిలక ప్రకటించింది. అందరూ ఒక్కసారి దూకారు. అబ్బో, ఒక్క క్షణం నిజంగానే ఎగిరారు! తర్వాత దబ్బుమని బురదలో పడ్డారు.

"ఎక్కడున్నామే?" మెడదాకా కూరుకుపోయి నాగలింగం అరిచాడు.

చిలక పలక చూసింది. "ఇప్పుడే లంకలో దిగారు సార్. ప్రయాణం సుఖంగా జరిగిందాండీ?"

బుల్లబ్బాయి ఆలోచించాడు. ఫ్లైట్ వెళ్లిపోయిందని సిస్టమే అంటోంది. మరైతే ఇక్కడ మిగిలినవి కంపెనీ రెక్కలు కావన్నమాట! ఒక్క ఊపున లేచాడు. అతను గూట్లో వాలేసరికి పెంకు పగిలి చిన్న ముక్కు బయటికొస్తోంది. ఆనందం పట్టలేక బుల్లబ్బాయి భోరున ఏడ్చాడు.

నీతి: వేళకి ఇల్లు చేరాలంటే టికెట్టు దొరక్కుండా చూసుకోవాలి.