దొరికీ దొరకని డాక్టరుగారు

"ఈ జిల్లాలో నేరం చేయదలచుకున్నవాళ్లు ఇక మూటాముల్లె సర్దుకుని పక్క జిల్లాకు వెళ్లిపోవచ్చు!"

ఖమ్మం ఖానాపురం హవేలి ఆటో స్టాండులో చాయ్ గ్లాసు పైకెత్తి బసవపున్నయ్య చేసిన ప్రకటన ఇది. అప్పుడు స్టాండులో ఉన్నది నలుగురు డ్రైవర్లు, ఒక మేక. శ్రద్ధగా విన్నది మేక ఒక్కటే.

బసవపున్నయ్య బోనకల్ రైల్వే స్టేషన్లో టికెట్లు అమ్మి రిటైరైన మనిషి. ఉద్యోగమంతా కౌంటరు కంతలోంచి జనం చేతులే చూశాడు గనక, చేయి చూస్తే మనసులోని కుట్ర చెప్పేస్తానని ఆయన నమ్మకం. రిటైరయ్యాక ఆటో నడిపే జగదీష్ ఇంట్లో ముందు గది కిరాయికి తీసుకుని, గుమ్మం పక్కన పచ్చరంగు బోర్డు కొట్టించాడు. "డిటెక్టివ్ బసవపున్నయ్య. ఏ కేసైనా ఛేదించబడును." ఇప్పటివరకు ఛేదించబడినది జగదీష్ సహనం ఒక్కటే.

ఎర్రమ్మ కోడి పోయిన కేసులో ఆయన ఈకలు ఏరి పొట్లం కడుతుండగా కోడి తానే నడిచి ఇంటికొచ్చింది. గ్యాసు సిలిండరు ఎత్తుకుపోతున్న దొంగను చొక్కా పట్టి లాగితే, వాడు ఖాళీ బండ మార్చడానికొచ్చిన ఏజెన్సీ మనిషి. ప్రతిసారీ చేతులు జోడించి క్షమాపణ చెప్పుకున్నది జగదీషే. ఆ బోర్డు ఊడే రోజు ఎప్పుడొస్తుందా అని అతను నిద్రలో కూడా కలగనేవాడు.

ఆ రోజు రానే వచ్చేలా ఉంది. ఎదురింటి హేమ్లి కేసు తెచ్చింది.

హేమ్లి భర్త డాక్టర్ ధన్‌సింగ్ భద్రాచలంలో సర్కారు వైద్యశాఖలో పెద్ద అధికారి. ఏజెన్సీ గూడేల దవాఖానాలన్నీ ఆయన కిందే. ఆయన అక్కడ క్వార్టర్లో, ఆమె ఇక్కడ కిరాయింట్లో. పక్క ప్లాటులో వాళ్ల సొంతిల్లు గోడలు లేచి, పైన స్లాబు లేక, నిరుడు ఎండాకాలం నుంచీ ఆకాశం చూస్తోంది. మొన్న ధన్‌సింగ్‌కు ప్రమోషన్ వచ్చింది. ఖమ్మంలోనే, జిల్లా మొత్తానికీ అధికారి. హేమ్లి సొంతూరి తండా అంతా లడ్డూలు పంచింది. లడ్డూలు అయిపోయేసరికి, సెలవుకు ఇంటికొచ్చిన మొగుడు మాయమయ్యాడు. ఫోనూ కలవడం లేదు.

"శనివారం సాయంత్రం లోపట ఆర్డరు చేతిల వడకుంటే, ఈసారికి తర్వాత సీనియర్‌కు పోతదట సారూ," అంది హేమ్లి, కొంగుతో కళ్లొత్తుకుంటూ. "జిల్లా ఆఫీసు అటెండర్ దేవ్లా రోజూ ఆ ఆర్డరు కవరు పట్టుకొని ఇంటి సుట్టూ తిరుగుతుండు. ఈ మనిషి ఏడ వోయిండో తెల్వదు."

బసవపున్నయ్య కళ్లు మూసుకున్నాడు. "అమ్మా, ఆయన వెంట ఏమేం తీసుకెళ్లారు?"

"రెండు లుంగీలు, దోమతెర, మామిడికాయ తొక్కు డబ్బా."

"చూశావా జగదీషూ! కిడ్నాప్ చేసి కూడా పచ్చడి డబ్బా సర్దుకోనిచ్చారు. సామాన్యమైన ముఠా కాదిది."

"సారూ, ఆయననే పోయిండేమో."

"ప్రమోషన్ వచ్చిన మనిషి పారిపోతాడుటయ్యా? ప్రపంచ నేరచరిత్రలో ఉందా? లాభం ఎవరికో చూడు. ఆ తర్వాతి సీనియర్‌కి! వాడే నల్లముసుగు మహామాయావి!" ఆయన లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "శనివారం సాయంత్రానికి డాక్టరుగారిని తేలేకపోతే, నా బోర్డు నా చేత్తో నేనే పీకేస్తాను. మళ్లీ డిటెక్టివ్ అన్న మాట ఎత్తను."

జగదీష్ గుండె ఆనందంతో ఎగిరింది. ఆ ఆనందంలో కిరాయి కూడా అడగకుండా ఆటో తీస్తానన్నాడు. అదే అతను చేసిన తప్పు.

శనివారం తెల్లవారగానే హేమ్లితో కలిసి ముగ్గురూ భద్రాచలం దారిన బయల్దేరారు. కొత్తగూడెం దాటాక, ముఠాలు మెయిన్ రోడ్డున తిరగవనే సూత్రంతో బసవపున్నయ్య ఆటోను ములకలపల్లి వైపు అడవిలోకి తిప్పించాడు. గతుకులకు ఆటోతోపాటు హేమ్లి ఏడుపు కూడా ఎగిరెగిరి పడింది.

ఒకచోట ఆయన "ఆపు!" అని కేకపెట్టి దిగాడు. ఇప్పచెట్టు కొమ్మకు బూడిదరంగు ఉండ ఒకటి వేలాడుతోంది.

"రహస్య వైర్‌లెస్ పరికరం. ముఠా మాటలన్నీ ఇందులోంచే పోతున్నాయి. విను, లోపల శబ్దం కూడా వస్తోంది."

"సారూ, అది కందిరీగల గూడు..."

జగదీష్ మాట ముగించేలోపే ఆయన గొడుగు కొనతో దాన్ని పొడిచాడు. పరికరం పనిచేసింది. ముఠా మొత్తం బయటికొచ్చింది.

కందిరీగలు వదిలేసరికి బసవపున్నయ్య ముఖం పొంగిన పూరీలా ఉంది. రెండు కళ్లూ పూర్తిగా మూసుకుపోయాయి. జగదీష్‌కు నవ్వు రాలేదు, భయం వేసింది. కట్టెలు కొట్టుకుంటున్న ఒకాయన పరుగెత్తుకొచ్చి, "గా గూడెంల డాక్టర్ సారు ఉండు, జ్వరాలకు మందులిస్తుండు, జల్దీ తీస్కపోండ్రి," అన్నాడు.

గూడెంలో ఒక పందిరి కింద మంచం మీద పడుకోబెట్టారు. డాక్టరు గబగబా వచ్చి సూది వేశాడు, ముఖానికి మందు రాశాడు. నొప్పి కాస్త తగ్గగానే బసవపున్నయ్యలో డిటెక్టివ్ లేచి కూర్చున్నాడు.

"డాక్టరుగారూ, చిన్న విచారణ. ఈ చుట్టుపక్కల ఒక మనిషిని చూశారా? పొడుగు, బట్టతల, లావు కళ్లజోడు, దగ్గర మామిడికాయ పచ్చడి. కిడ్నాపైన మనిషి."

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "చూడలే."

"ఆయన భార్య పాపం, మనిషి మంచిది. ఏడ్చి ఏడ్చి సగమైపోయింది."

"అవునా?" అన్నాడు డాక్టరు బిక్కమొహంతో. ఎందుకంటే పందిరి గుంజ పక్కన హేమ్లి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఆయన్నే చూస్తోంది. జగదీష్ నోరు తెరిచాడు గానీ, ఆమె చూపుకి మళ్లీ మూసేశాడు.

"ఏందయ్యా, గిదేం పని?" అంది హేమ్లి. "తండా మొత్తం లడ్డూలు తిన్నది. నువ్విక్కడ దాసుకున్నవా?"

"ఎవరమ్మా, ఎవరితో మాట్లాడుతున్నావు?" అని గాలిలో చేతులాడించాడు బసవపున్నయ్య.

ధన్‌సింగ్ మంచం అంచున కూలబడ్డాడు. "హేమ్లీ, జీతం లెక్క ఇను ఒక్కసారి. ప్రమోషన్ అంటే కాయితం మీద జీతం పెరుగుతది. ఇక్కడి ఏజెన్సీ అలవెన్సు ఎగిరిపోతది. పెరిగిన దాని మీద టాక్స్ కోస్తరు. ఇల్లు లోను కిస్తు ఎట్లనూ జీతంలనే పట్టుకుంటరు. ఇంక జిల్లా ఆఫీసరంటే పైనుంచి వచ్చినోళ్లకు శాలువా, బొకే, భోజనం, అన్నీ మన జేబులకెల్లే. అన్నీ పోంగ చేతికొచ్చేది ఇప్పటికంటే తక్కువ."

"ఇంక స్లాబు?"

"స్లాబు ఉండది. పదవి ఉంటది."

"వానొస్తే నెత్తిమీద పదవి కప్పుకుంటమా?" అంది హేమ్లి. "గిది నాకు ముందుగాల చెప్పొద్దా?"

"లడ్డూల ఆర్డరు ఇచ్చినంక చెప్పుడెట్ల? వద్దని రాసిస్తే జన్మల ఇంక రాదు. ఆర్డరు అందకుంటే ఈసారికే పోతది. ఆ తర్వాత సీనియర్‌కు ఖమ్మంల సొంతిల్లున్నది, ఆయనకు పదవి మీద పాణం. లీవు వెట్టి ఈడ ఫోను సిగ్నల్ లేదని వచ్చిన. ఊకె కూసోలేక మందులిస్తున్న."

అప్పటికి బసవపున్నయ్యకు అర్థమైంది. ముఖమంతా వాచినా చిరునవ్వు ఎలాగో దారి చేసుకుని బయటికొచ్చింది. "అయితే... దొరికారన్నమాట! జగదీషూ, నేను ఛేదించాను! నా మొట్టమొదటి కేసు!"

ఆయన తడుముకుని జగదీష్ చెయ్యి పట్టుకున్నాడు. జగదీష్ ఆయన్ని ఎన్నడూ అలా చూడలేదు.

హేమ్లి మంచం దగ్గర నేల మీద కూర్చుంది. "సారూ, నీ కాళ్లు మొక్కుత. ఆయన దొరకలేదని చెప్పు. ఇయ్యాల సాయంత్రం దాటితే చాలు."

"దొరకలేదనా?" చిరునవ్వు మెల్లగా జారిపోయింది. "అమ్మా, మరి నా బోర్డు..."

తిరుగు ప్రయాణంలో ఆయన ఒక్క సూత్రం కూడా చెప్పలేదు. ఆటో ఇంత నిశ్శబ్దంగా నడుస్తుందని జగదీష్‌కు అప్పుడే తెలిసింది. ఆ నిశ్శబ్దం అతనికేమీ బాగాలేదు.

సాయంత్రం ఆటో స్టాండులో అటెండర్ దేవ్లా కవరు పట్టుకుని కాచుకుని ఉన్నాడు. "ఏమాయె సారూ? డాక్టర్ సారును చూసిన్రా?"

బసవపున్నయ్య వాచిన ముఖం పైకెత్తాడు. "ధన్‌సింగ్ గారిని నా ఈ రెండు కళ్లతో నేను చూడలేదు."

డ్రైవర్లు ఈలలు వేశారు. "మరి బోర్డు సంగతేంది సారూ?"

ఆయన తడుముకుంటూ గుమ్మం దాకా నడిచి, స్టూలు ఎక్కి, మేకులు ఒక్కొక్కటే పీకాడు. బోర్డు ఊడింది. గోడ మీద అంతమేర సున్నం తెల్లగా మిగిలింది. ఎదురింటి గుమ్మంలో హేమ్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్లూ తాను కలగన్నది ఈ రోజు కోసమేనా అని జగదీష్‌కు తన మీద తనకే కోపమొచ్చింది.

మర్నాడు పొద్దున స్టాండుకొచ్చిన జగదీష్ ఆటో వెనక ఆ పచ్చరంగు బోర్డు బిగించి ఉంది. "గిదేందన్నా?" అని అందరూ పడీ పడీ నవ్వారు.

"బండికి దిష్టి తగలకుండ," అన్నాడు జగదీష్, ఎటో చూస్తూ.

సోమవారం ధన్‌సింగ్ భద్రాచలంలో డ్యూటీలో చేరాడు. పదవి ఖమ్మంలో సొంతిల్లున్న మనిషికి పోయింది. వానలకు ముందే స్లాబు పడింది. ఆ రోజు హేమ్లి కాలనీ అందరికీ మటన్ భోజనం పెట్టింది. వరసలో మొదటి విస్తరి బసవపున్నయ్యకు. మంచి ముక్కలన్నీ ఏరి వడ్డించింది, మళ్లీ వచ్చి ఇంకోసారి వడ్డించింది.

పోయిన మొగుణ్ని పట్టుకోలేకపోయిన మనిషికి ఈ మర్యాద ఏమిటో కాలనీలో ఎవరికీ అంతుబట్టలేదు. ఆ మిస్టరీ విప్పగల డిటెక్టివ్ అక్కడ ఒక్కడే ఉన్నాడు. ఆయన నోటి నిండా మటన్ ఉంది.