నూరు శాతం అక్షరాస్యత సాధించిన భవనం

ఆ ఉదయం ఆకాశం కురుస్తాననీ అనలేదు, కురవననీ అనలేదు. పై అధికారి బల్ల మీది ఫైలులా మబ్బు కదలకుండా ఉంది. దాని కింద, వయోజన విద్యను, జీవితాంతపు చదువును ప్రపంచమంతటా వ్యాపింపజేసే అంతర్జాతీయ కేంద్రంలో, ముప్ఫైరెండు దేశాల మహాసభ కోసం పిన్ని కుర్చీలు తుడుస్తోంది.

పదకొండేళ్లుగా ఆ భవనం ఊడ్చేది ఆమే. అందరికీ ఆమె పిన్ని. "చదువుకు వయసు లేదు" అని రాసిన అట్టను వారానికోసారి తడిగుడ్డతో తుడిచేదీ ఆమే. దాని మీద ఏం రాసి ఉందో ఆమెకు తెలియదు. తెలియదన్న సంగతి అక్కడెవరికీ పట్టలేదు. ఖండాంతరాల్లోని నిరక్షరాస్యులను వెతకడంలో తలమునకలై ఉన్న సంస్థకు తన వరండాలోకి తొంగిచూసే తీరిక దొరకలేదు, పాపం.

పిన్నికి చదువుతో ఉన్న పని ఒక్కటే. ఆమె మొగుడు తాపీమేస్త్రి, గుండెజబ్బుతో ఇంటిపట్టున ఉన్నాడు. పొద్దుటి మాత్ర, రాత్రి మాత్ర కవలపిల్లల్లా ఉంటాయి. పోయిన నెల అవి తారుమారై రెండు రోజులు అతను మంచం దిగలేదు. అందుకే టైపిస్టును అడిగింది.

"బాబూ, ఇక్కడ చదువు చెబుతారటగా. నాకూ నాలుగు ముక్కలు చెప్పించరాదూ?"

టైపిస్టు తలెత్తలేదు. "మనం చెప్పం పిన్నీ. ఎలా చెప్పాలో చెబుతాం."

"మరి చెప్పేదెవరు?"

"అది తేల్చడానికే ఈ సభ. కావాలంటే అర్జీ రాసివ్వు. సొంత దస్తూరీతో ఉండాలి సుమా."

పిన్ని చీపురు తీసుకుని వెళ్లిపోయింది.

ఇదివరకు ప్రతి దేశం పేరుబిళ్ల మీద, ఆ దేశపు ఉపన్యాసం కవరు మీద జెండా బొమ్మ ఉండేది. పిన్ని జెండాకు జెండా జతచేసి బల్లల మీద పెట్టేది. ఏనాడూ పొరపాటు రాలేదు. ఈసారి దేశాల మధ్య సమానత్వం కోసం జెండాలు తీసేసి అక్షరాలే ఉంచారు. పిన్ని కవర్లను చేతికందిన వరసలో సర్దింది.

సభ దివ్యంగా సాగింది. ఎడారి దేశపు ప్రతినిధి తమ పల్లెల్లో మంచు కరిగితే గాని బడి తెరవడం లేదని వాపోయాడు. చుట్టూ సముద్రమున్న దేశపు ఆవిడ ఒంటెల మీద నడిచే గ్రంథాలయాలకు సాయం కోరింది. చప్పట్లు మోగాయి. తాను చదువుతున్నదేమిటో చదివేవారు గమనించలేదు, వినేవారు అసలే గమనించలేదు. నాలుగో ప్రతినిధికి మాత్రం వందన సమర్పణ కవరు దక్కింది. ఆయన దాన్ని భావయుక్తంగా చదివేసరికి సభ యావత్తూ పదిన్నరకే భోజనానికి లేచింది.

విచారణ జరిగింది. పిన్నిని నిలబెట్టారు.

"నాకు చదువు రాదు బాబుగారూ," అంది పిన్ని. "కాస్త నేర్పిస్తే మళ్లీ ఇలా జరగదు."

డైరెక్టరుగారి కళ్లు చెమర్చాయి. ప్రతినిధులు ఆమెను నడిమధ్య నిలబెట్టి ఫొటోలు తీసుకున్నారు. డైరెక్టరుగారు మైకు అందుకున్నారు.

"మిత్రులారా, దీపం కింద చీకటి ఉండటం దీపానికే అవమానం. ఈ సాయంత్రంలోగా ఆ చీకటిని తొలగిస్తామని మాట ఇస్తున్నాను."

పిన్ని రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

చదువు నేర్పడానికైతే ఉపసంఘం కావాలి, పాఠ్యప్రణాళిక కావాలి, మూడేళ్లు కావాలి. చీకటిని తొలగించే రెండో మార్గానికి ఒక్క కాగితం చాలు. సాయంత్రం డైరెక్టరుగారు స్వయంగా కవరు అందించారు. "ఇంటికెళ్లి తీరిగ్గా చదువుకో అమ్మా" అన్నారు. అప్పటికే గుమ్మం పక్కన కొత్త ఇత్తడి పలక వెలిసింది: "నూరు శాతం అక్షరాస్యత సాధించిన భవనం." దాని మీద వేలిముద్రలు పడ్డాయని పిన్ని వెళ్తూ వెళ్తూ కొంగుతో మెరిసేలా తుడిచింది.

"చదువులో చేర్చుకున్నారయ్యా," అంది ఇంటికి రాగానే. "కాగితం కూడా ఇచ్చారు."

మేస్త్రి కవరును అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏం రాశారే ఇందులో?"

"నేర్చుకున్నాక చదివి చెబుతాలే."

కవరును మందుచీటీల పక్కన భద్రంగా దాచి కంచాలు పెట్టింది. ఇద్దరూ మాటా పలుకూ లేకుండా అన్నం తిన్నారు. కవరులో ఏముందో చదువొచ్చిన వాళ్లం కనుక మనకు తెలుసు. మనమూ ఏమీ మాట్లాడలేదు.