వెంకటశేషమ్మ మోకాలు, మాల్యాద్రి జవాబులు

మోకాలి మార్పిడి చేయించుకున్నవారిని ఇకపై ఆసుపత్రి నర్సు ఫోన్లోనే కనిపెట్టి చూసుకుంటుందని దొరవారిసత్రం ప్రజలందరికీ ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఊళ్లో తొలి లబ్ధిదారు వెంకటశేషమ్మ. మోకాలు ఆమెది. ఫోను మాత్రం భర్త మాల్యాద్రిది.

రోజూ ఉదయం పదింటికి నెల్లూరు నుంచి డెబోరా సిస్టర్ వీడియోకాల్ చేసేది. మాల్యాద్రి తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అరుగు మీద కూర్చుని మాట్లాడేవాడు. రోగి లోపల మంచం మీద ఉండేది.

"నొప్పి ఎట్టుంది పెద్దాయనా?"

"నొప్పా! అట్టాంటిదేం లేదమ్మా."

నిజమే, ఆయనకేం లేదు. నిద్ర పట్టిందా అంటే హాయిగా పట్టిందన్నాడు. అదీ అబద్ధం కాదు. ఆయన గురకకు వెంకటశేషమ్మే సాక్షి. సలుపుతో ఆమె తెల్లవార్లూ మేలుకునే ఉంది మరి.

ఐదో రోజు మోకాలు వంచి చూపమన్నారు. భార్య లేచి వచ్చేసరికి సిస్టర్‌కు ఆలస్యమవుతుందని, మర్యాద తెలిసిన మనిషి కనుక, మాల్యాద్రి పంచె పైకి లాగి తన మోకాలే వంచి చూపించాడు. "కుట్ల మచ్చ కూడా కనపడటం లేదే!" అని డెబోరా ముక్కున వేలేసుకుంది. ఆసుపత్రివారు దాన్ని వైద్యశాస్త్ర విజయంగా నమోదు చేసి, భార్యను అంత బాగా చూసుకున్నందుకు ఆయనకు 'ఆదర్శ సహాయకుడు' అని ప్రశంసాపత్రం పంపారు. ఆయన దానికి ఫ్రేము కట్టించి గోడకు తగిలించాడు.

ఆ గోడ కిందే వెంకటశేషమ్మ మోకాలు ఎర్రబడి, వాచి, ఒళ్లంతా కాలిపోతోంది. పాపం, ఆమె కోరికల్లా ఒక్కటే. ఎట్టుందని ఎవరైనా తనను అడగాలి.

"ఏమయ్యా, జొరమొచ్చిందని చెప్పు ఆ పిల్లకి."

"ఊరుకోమే! ఇచ్చిన పత్రం వెనక్కి తీసుకుంటారు."

పదకొండో రోజు ఆమె వాకరు పట్టుకుని, పళ్లు బిగబట్టి, అరుగు దాకా వచ్చి ఫోను లాక్కుంది.

"అమ్మాయ్, కాలు నాది!"

డెబోరా బిత్తరపోయింది. "మీరెవరమ్మా?"

"మీరు ఆపరేషను చేసినారే, ఆమెని!"

సాయంత్రానికల్లా అంబులెన్సులో నెల్లూరు చేర్చారు. చీము తీశారు. ఇంకో రెండు రోజులు ఆగుంటే కొత్త కీలు ఊడదీయాల్సి వచ్చేదట.

మర్నాడు పెద్ద డాక్టరు మంచం దగ్గరకొచ్చి, నేరుగా ఆమె కళ్లలోకి చూసి, "ఇప్పుడెట్టుందమ్మా?" అని అడిగారు. ఆహా, అడిగారు! వెంకటశేషమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కాకపోతే డెబోరా అప్పుడే ఆమె నోట్లో థర్మామీటరు పెట్టి ఉంది.

"తగ్గిపోయింది సార్," అన్నాడు మాల్యాద్రి.

ఆమె గబుక్కున థర్మామీటరు తీసి నోరు తెరిచింది.

"జ్వరం చూసేటప్పుడు మాట్లాడకూడదమ్మా," అని డాక్టరు ఆప్యాయంగా మందలించి, మాల్యాద్రి చెప్పింది రాసుకున్నారు.