నలభై రాళ్ల మీద ఒకే ఎర్ర మనిషి

చేతిలో పని ఏదున్నా కాసేపు పక్కన పెట్టి ఇలా కూర్చోండి, ఇది సగంలోంచి వింటే అర్థం కాదు. ఆ సోమవారం పొద్దున ధన్య వేసుకున్న ప్లాన్ చాలా చిన్నది. చెన్నై కోడంబాక్కంలో లోకల్ రైలెక్కాలి, పురావస్తు శాఖ ఆఫీసుకి చేరాలి, శనివారం కొండ గుహల్లో తీసిన నలభై ఫొటోలు పదకొండు గంటల మీటింగ్‌లో చూపించాలి. అవి బాగుంటే ఆమె తాత్కాలిక ఉద్యోగం ఇంకో ఏడాది నడుస్తుంది. లేకపోతే ఈ నెలాఖరుతో సరి.

ఆ రాళ్ల మీద వేల ఏళ్ల కిందటి ఎర్ర బొమ్మలున్నాయి, కానీ కంటికి ఆనవు. కంప్యూటర్లో రంగు పెంచితే రాయిలో ఇంకిపోయిన ఎరుపు పైకి తేలుతుంది. ధన్య మొదటి ఫొటోకి రంగు పెంచింది. జింక తేలింది. జింక వెనక, కుడి మూలలో, మొహం లేని ఒక ఎర్ర మనిషి చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు.

రెండో రాయి మీదా వాడే. మూడోదాని మీదా వాడే. నలభైయింటిలోనూ అదే మూల, అదే చెయ్యి.

"సార్, ఈడ రండి! వీడు అన్నిట్లో ఉండాడు!"

శనివారం తనతో గుహలకి వచ్చిన సీనియర్ భాష్యం కళ్లజోడు పైకి నెట్టి చూశాడు. "నలభై రాళ్లకీ ఒకడేనా? ఇది పెద్ద విషయమ్మా!" అని, ధన్య ఆపేలోపే డైరెక్టర్ కన్యక మేడమ్‌కి మెసేజ్ కొట్టేశాడు. మేడమ్ ఇంకో ఆరుగురికి పంపింది. ఆ ఊపులో భాష్యం పేపర్లో వేయించుకోవడానికని ఆ కెమెరాతోనే తన ఫొటో తీయించుకున్నాడు. ధన్య అలవాటు కొద్దీ దానికీ రంగు పెంచింది.

భాష్యం కుడి భుజం వెనక, ఆఫీసు బీరువా ముందు, ఎర్ర మనిషి.



"వాడు మనతో వచ్చేసినాడా?" అన్నాడు భాష్యం, మెడ తిప్పకుండా. "నేనాడ గుహలో చెప్పులు విప్పలేదు. నువ్వు విప్పినావా?"

"లేదు సార్."

"అయ్యయ్యో!" ఇక ఆయన కుర్చీలోంచి లేవలేదు. తను లేస్తే వాడూ వెంట వస్తాడట.

అప్పుడే ఇంటి నుంచి ధన్య వాళ్ల లలితాంబ అవ్వ ఫోన్ చేసింది. "ఏమ్మే, టిఫిన్ డబ్బా ఈడనే పెట్టేసి పోయినావే!"

"తర్వాత అవ్వా! కెమెరాలో దయ్యం పడింది!"

"ఛీ, దయ్యమేంది? ఆయుధపూజ నాడు గ్రైండర్‌కి, నీ స్కూటీకి, అన్నిట్కీ బొట్టు పెట్టినా గదా. నీ కెమెరా కన్ను గుండ్రంగా బాగుండె, ఆడా పెట్టినా. నువ్వు అరుస్తావని కొంగుతో తుడిచేసినాలే."

ధన్య లెన్స్‌ని కిటికీ వెలుతురుకి పట్టి చూసింది. ఒక అంచున, ఉందా లేదా అన్నంత పల్చగా, కుంకుమ మరక.

నోరు మూసుకుంటే ఉద్యోగం నిలుస్తుంది. అయినా మీటింగ్‌లో ధన్య నిజమే చెప్పేసింది. కన్యక మేడమ్ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

"సరి, నిజం చెప్పినావు గాబట్టి ఏడాది ఇస్తా. ఇంకోసారి దయ్యమని ఆఫీసుని గడగడలాడించినావో, ఆ రోజే ఇంటికి. లెన్స్ తుడిచి, ఈడనే నన్నొక ఫొటో తీసి చూపించు."

ధన్య లెన్స్‌ని మూడుసార్లు తుడిచింది. ఫొటో తీసి రంగు పెంచింది. కుడి మూల ఖాళీ.

ఎర్ర మనిషి ఇప్పుడు నడిమధ్యలో, మేడమ్ కుర్చీ వెనక ఉన్నాడు. చెయ్యి దించి, ఆమె భుజం మీద వేశాడు.

"ఈ ఏసీ కాస్త తగ్గించండప్పా, భుజం లాగేస్తా ఉంది," అంది మేడమ్. "ఏం ధన్యా, శుభ్రంగా వచ్చిందా?"

ఏడాది జీతమున్న ఉద్యోగం. మీరైతే ఏమంటారు?