శుక్రవారానికి చావని ఆవు

ఆ బుధవారం పొద్దున ఫూల్మతి మహతో పెట్టుకున్న పని ఒక్కటే. వానకు పెచ్చులూడిన పశువుల పాక గోడకు మట్టీ పేడా కలిపి మెత్తాలి. అది తెమిలాక, చెల్లెలు పంపిన నత్తలు కారంగా వండుకుని ఇంత అన్నంలో కలుపుకుని తినాలి. యాభై నాలుగేళ్ల మనిషి అంతకన్నా ఏం కోరుకుంటుంది? అయితే ఆమె గోడ మెత్తుతున్న పాక మామూలు పాక కాదు. నేపాల్ తరాయి పల్లపు నేలల్లో, సాల వృక్షాల అడవి అంచున ఉన్న బెల్‌ఘారీ ఊరి రాబందుల పూటకూళ్లిల్లు అది.

పాలు ఇవ్వడం మానేసిన ముసలి ఆవుల్ని ఊరివాళ్లు అమ్మలేరు, చంపలేరు. చంపితే పాపం సంగతి దేవుడెరుగు, జైలు మాత్రం ఖాయం. అందుకని తెచ్చి ఈ పాకలో వదులుతారు. ఫూల్మతి వాటికి కుడితి పెట్టి, పుండ్లు కడిగి, ఈగలు తోలి, వాటంతట అవి పోయేదాకా చూసుకుంటుంది. పోయిన రోజున కళేబరాన్ని ఏటి అవతలి మైదానంలోకి ఈడ్పిస్తే రాబందులు దిగి తింటాయి. పదిహేనేళ్ల కిందట ఆ ఊరి ఆకాశంలో రెండు రాబందులు కనబడితే గొప్ప. పశువులకు వేసే ఒక నొప్పి సూది మందు, పశువు చచ్చాక కూడా మాంసంలో మిగిలి, తిన్న పక్షినల్లా చంపేసింది. ఇప్పుడు లెక్క అరవైకి వచ్చింది. ఆ అరవైనీ ఫూల్మతి తన కడుపున పుట్టినవాళ్లలాగే తిట్టుకుంటూ చూసుకుంటుంది. సూది పడిన పశువు గోతిలోకే గాని మైదానంలోకి పోకూడదన్నది ఆమె పట్టు. ఆ విషయంలో ఆమెకు మొగుడైనా ఒకటే, మంత్రి అయినా ఒకటే.

గోడ సగం అయ్యేసరికి ఫోన్ మోగింది. రాబందుల సంరక్షణ సంఘం అధ్యక్షుడు దధిరాం అర్యాల్. బజారులో కొట్టున్న ఆసామి. పిలుపుకు ఆయన ఆమెకు దాజూ, అంటే అన్న; ఆమె ఆయనకు దిదీ, అంటే అక్క. పాక ముఖం చూసి నాలుగు నెలలైంది.

"దిదీ, మన కైలి ఎలా ఉంది?"

"ఎలా ఉంటుంది దాజూ? పడుకుని మూడు రోజులైంది. గడ్డి ముట్టట్లేదు. మహా అయితే రేపు, కాకపోతే ఎల్లుండి."

"ఎల్లుండి అంటే శుక్రవారం. పొద్దునా, సాయంత్రమా?"

"యముణ్ణి అడిగి చెప్పనా?"

"అబ్బ, కోప్పడకు. శుక్రవారమే అనుకోనా?"

ముసలి ఆవు గురించి ఇంత బెంగ పెట్టుకున్న మనిషిని ఇన్నాళ్లూ అపార్థం చేసుకున్నానే అని ఫూల్మతి నొచ్చుకుంది. "అనుకోండి దాజూ, పాపం" అని ఫోన్ పెట్టేసింది.

బెంగ దేనికో సాయంత్రం తెలిసింది. ఇద్దరు మనుషులు వచ్చి పాక ముందు వెదుళ్లు పాతి, రాబందుల బొమ్మతో ఇంత పొడవున బ్యానర్ కట్టారు. 'రాబందులను కాపాడుదాం' అని దాని మీద రాసి ఉంది. శుక్రవారం కాఠ్‌మాండూ నుంచి పెద్ద హాకిం, అంటే సర్కారు పై అధికారి, వస్తున్నాడట. రాబందులు తినడం ఆయన కళ్లారా చూడాలట. అచ్చువేసిన కార్యక్రమం కాగితం ఒకటి ఆమె చేతిలో పెట్టారు. పదకొండింటికి స్వాగతం. పదకొండుంబావుకు రాబందుల విందు. పన్నెండింటికి ప్రసంగం.

ఫూల్మతికి అరికాలి మంట నెత్తికెక్కింది. వెంటనే ఫోన్ చేసింది.

"దాజూ, నేను 'మహా అయితే' అన్నాను. 'మహా అయితే'కి బ్యానర్ కట్టిస్తారా ఎవరైనా?"

"నువ్వే కదా శుక్రవారం అనుకోమన్నావు. నేను జిల్లాకు చెప్పా, జిల్లా రాజధానికి చెప్పింది. ఇప్పుడు వెనక్కి తీసుకోవడం కుదరదు."

చావు తేదీ వెనక్కి తీసుకోవడం కుదరదట! తిట్టుకుంటూ వెళ్లి కైలికి రోజూ పెట్టే గంజే పెట్టింది. వామూ పసుపూ బెల్లమూ వేసి ఉడికించిన గంజి. పోయే ప్రాణానికి గొంతు తడపడం తప్ప ఆమె మనసులో వేరే ఉద్దేశం లేదు. అయినా మూడు రోజులుగా నోరు విప్పని కైలి నాలుగు గుక్కలు తాగింది. గురువారం తెల్లారి ఫూల్మతి వెళ్లి చూసేసరికి నాలుగు కాళ్ల మీదా నిలబడి, పాక చూరులోంచి గడ్డి లాక్కుని నములుతోంది.

కబురందిన గంటలో దధిరాం మోటారుసైకిల్ మీద వచ్చి వాలాడు.

"ఏం చేశావు దిదీ?"

"గంజి పెట్టాను."

"ఎందుకు పెట్టావు?"

"ఆకలేసి ఉంటుందని."

"చావబోయే ఆవుకు ఆకలేమిటి?"

"మీ నాన్న పోయేముందు మీరు నోట్లో నీళ్లు పోయలేదా దాజూ? శుక్రవారం దాకా ఆగమన్నారా?"

దధిరాం అరుగు మీద కూర్చుని చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఫోన్లు కొట్టాడు. "మీ దగ్గర పశువేదన్నా చచ్చిందా? పోనీ చచ్చేలా ఉందా? శుక్రవారం పదకొండులోపు కావాలి" అని ఒకే పాట పాతిక మందికి పాడాడు. ఆ పాట మధ్యాహ్నానికి వేరే రాగంలో బెల్‌ఘారీకే తిరిగొచ్చింది. హాకిం గారి కోసం సంఘంవాళ్లు ఆవును చంపబోతున్నారట! చావడం లేదని అధ్యక్షుడు స్వయంగా వచ్చి పాకలో కాపలా కూర్చున్నాడట!

మూడింటికి టీకారాం ఉపాధ్యాయ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చాడు. కైలి పాత యజమాని, డెబ్బై ఎనిమిదేళ్ల బ్రాహ్మడు. ఆయన వెనకాల ఊరి అమ్మల సంఘం, ముప్ఫై మంది, చేతుల్లో పూజ పళ్లాలతో దిగారు. వాళ్లను చూడగానే దధిరాం మోటారుసైకిల్ ఎక్కేశాడు. చీవాట్లు ఫూల్మతి వంతుకు మిగిలాయి.

"ఏమే ఫూల్మతీ! దాని కాలం తీరాక తీసుకెళ్లమని ఇచ్చానే గాని, మీ హాకిం కాలం చూసుకుని కాదు!"

"బా, నేనే కదా గంజి పోసి లేపింది!"

"లేపి కోస్తారన్నమాట! ఎంత కసాయితనం!"

ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. కైలి నుదుట అక్షింతల బొట్టు పెట్టారు, మెడలో బంతిపూల దండ వేశారు, చుట్టూ చాపలు పరుచుకుని కాపలా కూర్చున్నారు. వచ్చినవాళ్లు ఊరికే కూర్చుంటారా? ఒకావిడ అటుకులు తెచ్చింది, ఒకావిడ గుమ్మడికాయ తరిగింది, ఇంకొకావిడ నేతిలో బెల్లం కరిగించి పట్టింది. పద్నాలుగేళ్లు పాలిచ్చినప్పుడు కూడా కైలికి ఇంత మర్యాద జరగలేదు. శుక్రవారం పొద్దున అది పాక చుట్టూ రెండు చుట్లు తిరిగొచ్చి, టీకారాం టోపీ నాకింది.

తొమ్మిదింటికి ఒక ట్రాక్టర్ వచ్చింది. వెనకాల ట్రాలీలో చచ్చిన ఎద్దు. పక్కూరి లౌటన్ చౌధరిది. ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడో దధిరాం, లౌటన్‌ను గట్టిగా కౌగిలించుకున్నాడు. ఎద్దు పోయిన దిగులులో ఉన్న లౌటన్ ఆ కౌగిలికి కన్నీళ్లు పెట్టుకున్నాడు. ఫూల్మతి మట్టి చేతులు కడుక్కుని, వచ్చిన ప్రతి పశువు వివరాలూ రాసే పుస్తకం పట్టుకొచ్చింది.

"ఇప్పుడా పుస్తకం ఎందుకు దిదీ?" దధిరాం అడ్డొచ్చాడు. "టైం అవుతోంది, ముందు మైదానంలోకి పోనీ."

"రాయకుండా ఎన్నడన్నా పోనిచ్చానా? చెప్పు తమ్ముడూ, మందులేమన్నా వేయించావా?"

"వేయించకుండా ఉంటానా దిదీ?" లౌటన్ ముక్కు చీదుకున్నాడు. "కాలు విరిగి మూలుగుతుంటే చూడలేకపోయా. మూడు సూదులు. నిన్న పొద్దున కూడా ఒకటి." అని జేబులోంచి ఖాళీ సీసా తీసి చూపించాడు.

ఫూల్మతికి ఇంగ్లీషు రాదు. రానక్కర్లేదు. పాక గోడ మీద, విషపు మందు పేరుకు ఎర్రగీత కొట్టి అంటించిన కాగితంలో అవే అక్షరాలు పదిహేనేళ్లుగా చూస్తోంది. పుస్తకం మూసేసింది.

"ఇది గోతిలోకి."

"దిదీ, దణ్ణం పెడతా," దధిరాం గొంతు తగ్గించాడు. "ఒక్క ఎద్దు. ఒక్క పూట. అన్నీ వచ్చి తినవుగా, మహా అయితే పది తింటాయి."

"ఆ పదీ వారంలో చస్తాయి. రాబందు ఏడాదికి ఒక్కటంటే ఒక్క గుడ్డు పెడుతుంది దాజూ. మీరు ఏడాదికి ఎన్ని బ్యానర్లు పెడతారు?"

దధిరాం మొహం ఎర్రబడింది. "పోనీవోయ్ బండి!" అని డ్రైవర్‌ను గదిమాడు. ఫూల్మతి వెళ్లి ముందు చక్రానికి అడ్డంగా కాళ్లు బారజాపుకుని కూర్చుంది. పక్షులను కాపాడతామని సంఘం పెట్టి, కుర్చీలు వేసుకుని, దండలు వేయించుకుని, చివరికి వాటి ముందు విషం వడ్డించమంటారా! తగువు దేనికో సగం మందికి తెలియకపోయినా, తగువుకే వచ్చారు కనక అమ్మల సంఘం వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

ఇంత గొడవలో ఎవరూ తలెత్తి చూడలేదు. రాబందులకు అధ్యక్షుడి అనుమతి అక్కర్లేదు కదా. ఎద్దును అవి ఎప్పుడో చూశాయి. పాతిక ముప్ఫై దాకా గిరికీలు కొడుతూ కిందికి దిగుతున్నాయి. మొదటిది ట్రాలీ అంచు మీద వాలి రెక్కలు ముడిచింది.

"పళ్లాలు! పళ్లాలు కొట్టండర్రా!" ఫూల్మతి చక్రం ముందునుంచి లేచి గావుకేక పెట్టింది. ముప్ఫై పళ్లాలూ ఒక్కసారి మోగాయి. టీకారాం కర్ర తిప్పాడు. ఒకావిడ చీపురు విసిరింది. పక్షులు లేచినట్టే లేచి మళ్లీ వాలుతున్నాయి. మీద కప్పడానికి ఏమన్నా దొరుకుతుందేమోనని అటూ ఇటూ చూసిన ఫూల్మతి, ఒక్క గుంజు గుంజి బ్యానర్‌ను వెదుళ్ల నుంచి ఊడబీకి, ట్రాలీ ఎక్కి ఎద్దు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా పరిచేసింది. 'రాబందులను కాపాడుదాం' అన్న గుడ్డ నిజంగా రాబందుల్ని కాపాడటం అదే మొదటిసారి.

సరిగ్గా అప్పుడు మూడు తెల్ల బండ్లు వచ్చి ఆగాయి. హాకిం దిగాడు. రాబందుల సంరక్షణ చూద్దామని రాజధాని నుంచి వచ్చిన పెద్దమనిషికి, ముప్ఫై మంది ఆడవాళ్లు పళ్లాలతో, చీపుళ్లతో రాబందులను తరిమికొట్టడం కనబడింది.

"ఏమిటిది అర్యాల్ గారూ? ఇదేనా సంరక్షణ?"

"ఆవిడకు కాస్త మతి స్థిమితం లేదు హజూర్. మేం సర్దుకుపోతున్నాం."

"నాకు మతి బాగానే ఉంది సాబ్!" ఫూల్మతి ట్రాలీ మీది నుంచే అందుకుంది. "ఈ ఎద్దుకు విషం సూది పడింది. మీరు చూసి చప్పట్లు కొట్టాలని దీన్ని పక్షులకు వెయ్యమంటున్నారు. మీరు పన్నెండింటికి ప్రసంగం చేసి వెళ్తారు. అవి వారానికి మెడలు వాల్చి చెట్ల కింద పడతాయి. అప్పుడు ఏరుకోవాల్సింది నేను!"

హాకిం సీసా తెప్పించుకుని చదివాడు. ఆయన మొహం మారింది. "ఈ మందును పశువులకు వాడకూడదని నిషేధించి ఎన్నాళ్లయింది! ఎవడమ్మాడు నీకు?"

లౌటన్ చేతులు జోడించాడు. "నేను దొంగచాటుగా కొనలేదు హజూర్. అధ్యక్షుల వారి మందుల కొట్లోనే కొన్నా. పశువుల సూది దొరకట్లేదంటే మనుషులదే నాలుగింతలు ఎక్కించారు. పాపం, మా ఇంటిదాకా వచ్చి ఆయన చేత్తోనే పొడిచారు. దేవుడిలాంటి మనిషి."

పళ్లాల చప్పుడు ఆగిపోయింది. దధిరాం ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాడు. హాకిం రుమాలుతో మెడ తుడుచుకుని, "ముందు పూడ్చండి. మిగతాది తర్వాత" అన్నాడు.

పూడ్చారు. నిలువు లోతు గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చారు. హాకిం పిడికెడు మట్టి వేస్తుంటే ఫోటో తీశారు. రాబందులు గంటసేపు పైన తిరిగి, ఖాళీ కడుపులతో, నిండు ప్రాణాలతో అడవి మీదుగా వెళ్లిపోయాయి. ఫూల్మతి వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది. పెద్దాయన చెవిన పడింది కనక ఇక ఆ కొట్టుకు తాళం పడుతుందని, కొత్త అధ్యక్షుడు వస్తాడని అందరికీ చెప్పింది. బుధవారం నుంచి వాయిదా పడుతూ వచ్చిన నత్తల కూర ఆ రోజు వండుకుని రెండు ముద్దలు ఎక్కువే తింది.

నెల తిరిగాక రాజధాని నుంచి రెండు కవర్లు వచ్చాయి. విషపు కళేబరాన్ని సకాలంలో అడ్డుకుని పక్షులను రక్షించినందుకు అధ్యక్షుడు దధిరాం అర్యాల్‌కు ప్రశంసాపత్రం ఒకటి. ఆయన దాన్ని అద్దం కట్టించి మందుల కొట్లో గోడకు వేలాడదీశాడు. రెండోది ఫూల్మతి పేర వచ్చింది. పాక అరుగు మీద కూర్చుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. అతిథి సమక్షంలో సంరక్షిత పక్షులను పళ్లాల మోతతో బెదిరించినందుకు, సంఘం బ్యానర్‌ను దుర్వినియోగం చేసినందుకు సంజాయిషీ ఇవ్వాలి. అంతేగాక, ఈ ఏడాది పాకలో చేరిన పదకొండు పశువుల్లో రెండే మరణించడానికి కారణమైన అతి పోషణ గురించి వారం లోపు రాతపూర్వకంగా వివరించాలి.

చదివింది నిజమో కాదోనని ఆమె మళ్లీ మొదటినుంచి చదివింది. పక్కనే నెమరేస్తున్న కైలి మెడ చాచి ఆ కాగితం అంచు నోటితో పట్టుకుంది. ఫూల్మతి చటుక్కున లాగేసి పొయ్యిలో వేసింది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసి తెలిసీ అలాంటి విషాన్ని పశువుకు తినిపించే మనిషి కాదు ఆమె.