గౌతమి పాటలో మా కాలనీ వాటా

నాచారం మైత్రీకుంజ్ కాలనీ సంక్షేమ సంఘం తరఫున సంగీతప్రియులందరికీ తెలియజేయునది ఏమనగా, మా కాలనీకి సొంత పాట తయారైంది. అందులో ప్రతి ఇంటి చప్పుడూ ఉంది. ఓనర్లనూ, కిరాయిదారులనూ, తాళం వేసుకుని తీర్థయాత్రలకు పోయినవాళ్లనూ కూడా వదిలిపెట్టలేదు. పాట పాడిన అమ్మాయి గొంతు అందులో ఉందా లేదా అని గిట్టనివాళ్లు కొందరు అడుగుతున్నారు. కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పాడిన అమ్మాయి గౌతమి. మా వీధి చివరి ఇల్లు. హబ్సిగూడలో ఒక కోచింగ్ సెంటర్ ముందు బల్ల దగ్గర కూర్చుని, సీట్లు అయిపోవస్తున్నాయని తల్లిదండ్రులకు పొద్దస్తమానం చెప్పడం ఆమె ఉద్యోగం. అంత అబద్ధం ఆడిన గొంతే సాయంత్రం ఇంటికొచ్చి పాడితే ఎంతో నిజంగా ఉంటుంది. ఒకసారి వింటే అన్నం కలుపుకుంటూ కూడా మనం కూనిరాగం తీసే రకం పాటలు.

సంగీతం సమకూర్చినవాడు సన్నీ. మా సంఘం అధ్యక్షుడు ధర్మేందర్ గారి డాబా మీద గదిలో కిరాయికి ఉంటాడు. పగలు కంప్యూటర్ ఉద్యోగం, తీరిక వేళల్లో చప్పుళ్లు ఏరుకోవడం. నాచారం ఫ్యాక్టరీల ఇనుప షట్టర్లు లేచే మోత, ఉప్పల్ రింగు రోడ్డు మీద బస్సుల గోల, మెట్రో రైలు వంపు తిరిగేటప్పుడు వచ్చే కీచు, ఇవన్నీ అతని దగ్గర భద్రంగా ఉంటాయి. వాటికి శ్రుతి ఉండదు, తాళం ఉండదు. అలా ఉండకపోవడమే ఆ సంగీతం గొప్పట. వాటి మధ్య ఎవరిదో ఒక తియ్యటి పాట పెట్టి స్నేహితులకు పంపుతాడు. వాళ్లు తలొకటి కలిపి తిరిగి పంపుతారు. మనం వండిన పప్పులో పక్కింటివాళ్లు తలో పోపు వేసి గిన్నె వాపసు ఇచ్చినట్టన్నమాట.

గౌతమి, సన్నీ ఇద్దరే కలిసి చేసిన మొదటి పాటను నేను గౌతమి వాళ్ల వరండాలో కూర్చుని విన్నాను. భయం పుట్టించే చప్పుళ్లు. వాటి మధ్యలోంచి ఆ పిల్ల గొంతు, కరెంటు పోయిన వీధిలో దీపం పట్టుకుని ఎవరో నడిచి వస్తున్నట్టు వచ్చింది. అప్పటికింకా చివరి చరణం కట్టలేదు, సంఘం దృష్టీ దాని మీద పడలేదు.

ఆ పాట గౌతమి తన అక్క కోసం కట్టుకుంది. అక్క పేరు విజయశ్రీ, లాలాపేట్‌లో ఉంటుంది. వాళ్లమ్మ సంవత్సరీకం నాడు, అమ్మకు ఎవరు ఎక్కువ చేశారన్న దాని మీద అక్కాచెల్లెళ్లకు మాటా మాటా వచ్చింది. అక్క సంచి తీసుకుని బయటికొచ్చింది. పుట్టింటి నుంచి పోయే ఆడపిల్లకు బొట్టు పెట్టి పంపాలి కదా. గౌతమి లోపలి గదిలోంచి లేవలేదు. ఆటో స్టార్టయి ఉంది. విజయశ్రీ కొంగు సర్దుకుంటూ, సర్దుకున్న కొంగునే మళ్లీ సర్దుకుంటూ గేటు దగ్గర నిలబడింది. తర్వాత వెళ్లిపోయింది. నాచారం నుంచి లాలాపేట్ ఎంత దూరమో మీకు తెలుసు. ఆ కాస్త దూరం దాటడం అప్పటినుంచీ ఇద్దరివల్లా కాలేదు. ఫోనులో నోరు పెగలదు, ఎదురుపడే ధైర్యం లేదు. అందుకని అక్కతో చెప్పాల్సింది గౌతమి పాట చివరి చరణంలో పెట్టుకుంది. ఉప్పల్ ఫంక్షన్ హాలులో ఆదివారం సాయంత్రం ఇలాంటి పాటల సభ ఉందనీ, తన పాటా వేస్తారనీ కబురు పంపింది. ఇంటికైతే రాననీ, పాట వినడానికి వస్తాననీ అక్క కబురు చేసింది. గౌతమికి అంతే చాలు.

సభ సంగతి ధర్మేందర్ గారికి తెలిసింది. కాలనీ పిల్ల, కాలనీ కుర్రాడు, కాబట్టి అది కాలనీ పాట అని ఆయన వెంటనే గుర్తించి, భోజనాల ఖర్చు సంఘం మీద వేసుకుని సభను కూడా కాలనీదే చేశారు. వారికి అభినందనలు.

ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి. మా దగ్గర ఏ కార్యానికైనా ఫ్లెక్సీ కడితే అందులో అందరి ఫొటోలూ ఉండాలి. ఒక్క మొహం తప్పిపోతే ఆ ఇంటివాళ్లు అలుగుతారు. వాళ్ల అలక తీరేసరికి మరో పండుగ వస్తుంది. కిందటి వినాయక చవితికి అందరి ఫొటోలూ పెట్టాక స్వామికి చోటు చాలక, ఆయనను తొండం వరకే వేయించారు. ఆ తొండం చాలా కళగా వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు.

ఈ సంప్రదాయం ప్రకారం సర్వసభ్య సమావేశం ఏర్పాటైంది. సన్నీని తన సంగీతం గురించి రెండు ముక్కలు చెప్పమన్నారు. అమాయకుడు, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. మామూలు పాటలో ఒక స్వరం రాజు, మిగతావి దాని చుట్టూ తిరుగుతాయి, ఇందులో అలాంటి రాజు లేడు, ఏ చప్పుడూ ఎక్కువ కాదు, తక్కువా కాదు, దేన్నైనా కలపవచ్చు అన్నాడు. మా సభ్యులకు జీవితంలో మొదటిసారి సంగీతం అర్థమైంది. ఎక్కువా తక్కువా లేకపోతే మరి మా ఇంటి చప్పుడు ఎందుకు లేదని లేచి నిలబడ్డారు.

మొదటి హక్కు పెంటయ్య గారిది. కాలనీ రాకముందు ఇక్కడున్న పొలం వారిదే.

"నా బోరు నీళ్లు తాగే గదా బిడ్డా, గీ ఇండ్లన్నీ లేసినయి. నా మోటరు సప్పుడు లేకుంట కాలనీ పాట ఎట్లయితది?" అన్నారాయన.

మోటారు శబ్దాన్ని ఆది నుంచి అంతం వరకు వేయాలని తీర్మానించారు.

తర్వాత విశ్రాంత శాస్త్రవేత్త గంగాధరరావు గారు, తాను జీవితాంతం పనిచేసిన ప్రయోగశాలలోని పంపు శబ్దం జ్ఞాపకం ఉన్నంతవరకు నోటితో చేసి ఇచ్చారు. వారి భార్య సూర్యకళ గారు పిల్లలకు కర్ణాటక సంగీతం చెబుతారు. శ్రుతి లేని పాటను తన ప్రాణం ఉండగా ఒప్పుకోనన్నారు. శ్రుతిపెట్టె కలిపితే తన సంగీతం చెడిపోతుందని సన్నీ కాళ్లావేళ్లా పడ్డాడు. చివరికి రాజీ కుదిరింది. శ్రుతిపెట్టె స్విచ్చి తీసేసినప్పుడు వచ్చే 'టక్' అన్న చప్పుడు వేయడానికి ఆవిడ దయతో అంగీకరించారు.

ఏడాదిగా ఇల్లు బాగు చేయిస్తున్న దయాకర్ గారు డ్రిల్లింగు మిషను ఇచ్చారు. అది అందరికీ చిరపరిచితమే కనుక వినిపించి చూడనక్కర్లేదన్నారు. తమ ఇంట్లో చప్పుడే ఉండదని గొప్పగా చెప్పుకునే మురళీధర్ గారు, అయితే తమ వాటా నిశ్శబ్దం వేయమన్నారు. వేశారు. అందుకోసం పెంటయ్య గారి మోటారును కూడా కాసేపు ఆపారు. కానీ అది తమదేనని ఎలా తెలుస్తుందని ఆయన బెంగపడ్డారు. ఆ మాటకొస్తే మిగతా ఇళ్లవాళ్లు ఇచ్చిన కుక్కరు ఈలల్లో ఏది ఎవరిదో మాత్రం ఎలా తెలుస్తుంది? అందుచేత ప్రతి చప్పుడుకు ముందూ ఇంటి యజమాని పేరు చదవాలని మరో తీర్మానం చేశారు. జవహర్‌నగర్ పోయే చెత్త ఆటో ఎవరి ఇంటిదీ కాదు కనుక దాన్ని అందరి తరఫున కలిపారు.

ఒక్కొక్క తీర్మానానికీ సన్నీ పాటలో కొంత చోటు చేశాడు. చోటు ఎక్కడినుంచి వస్తుంది? గొంతు దగ్గరనుంచే వచ్చింది. డాబా మీది గదిలో ఒకసారి గౌతమి విని చూసి, మొహం కందగడ్డ చేసుకుంది.

"సన్నీ, నా రెండో చరణం ఏది?"

"ఉంది గౌతమీ. కింద ఉంది."

"కింద అంటే?"

"పెంటయ్య తాత బోరు కింద."

"పల్లవి?"

"అది గుడ ఉంది. దయాకర్ అంకుల్ గోడ కొడుతుండు గద, దాని ఎనక."

ఆమె సంఘం పెద్దల దగ్గరికి వెళ్లింది. పెద్దలందరూ ఆమె గొంతును మెచ్చుకున్నారు. మెచ్చుకోవడంలో మావాళ్లు ఎప్పుడూ లోటు చేయరు. గంగాధరరావు గారైతే, "అమ్మా, నీ గొంతు అద్భుతం. అది వినపడితే ఇక మరేదీ వినబుద్ధి కాదు. అందుకే కాస్త తగ్గించమన్నాను" అని నిజాయితీగా చెప్పారు.

ధర్మేందర్ గారు ఆప్యాయంగా మాట్లాడారు. "గొంతు యాడికి పోతది చెల్లె? నీ తాననే ఉంటది. ఫంక్షన్ అయినంక గుడ పాడుకోవచ్చు. గీళ్లు అలిగితే బుదరకిచ్చుడు, బతిమిలాడుడు నాతోని కాదు."

మొత్తం పాట పోయినా ఫరవాలేదనీ, చివరి చరణం ఒక్కటి ఏ చప్పుడూ కలపకుండా వదిలేయమనీ గౌతమి ప్రాధేయపడింది. అక్క సంగతి కూడా చెప్పింది. అందరి కళ్లూ చెమర్చాయి. చివరి చరణాన్ని ఎవరూ ముట్టుకోరాదని ఏకగ్రీవంగా తీర్మానించారు. శనివారం నాడు, సభకు పిలిచిన ముఖ్య అతిథిగారి పేరు పాటలో ఎక్కడా రాలేదని బయటపడింది. ఆయన పేరు, బిరుదులు, చేపట్టిన కార్యక్రమాలు చదవాలంటే పాటలో ఖాళీ స్థలం ఒక్కచోటే మిగిలి ఉంది.

ఆదివారం హాలు నిండిపోయింది. సన్నీ బయట మెట్ల మీద కూర్చుని చెవుల్లో ఏవో పెట్టుకున్నాడు. విజయశ్రీ రెండో వరసలో, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గౌతమి స్టేజీ మెట్ల పక్కన నిలబడి అక్క మొహాన్నే చూస్తూ ఉంది. గంగాధరరావు గారు తొలిపలుకులు పలికారు.

"సోదర సోదరీమణులారా, ఒక కంఠం పాడితే అది పాట. వంద గృహాలు పాడితే అది ప్రజాస్వామ్యం. మా అమ్మాయి గౌతమి తన కంఠాన్ని సమాజానికి అంకితం చేసింది. సమాజం దాన్ని సంపూర్ణంగా స్వీకరించిందని మీకు మనవి చేస్తున్నాను."

పాట మొదలైంది. ఇంతటి శ్రద్ధతో సంగీతం వినడం నేనెన్నడూ చూడలేదు. ప్రతి కుటుంబమూ ఊపిరి బిగపట్టి తమ పేరు కోసం ఎదురుచూసింది. పేరు రాగానే ఈలలు వేసింది. తమ చప్పుడు అయిపోగానే లేచి భోజనాల వైపు నడిచింది. మురళీధర్ గారి నిశ్శబ్దం వచ్చినప్పుడు మాత్రం, పాట ఆగిపోయిందేమోనని జనం గట్టిగట్టిగా మాట్లాడుకున్నందువల్ల ఆయనకు అన్యాయం జరిగింది. వారు అలిగి ఉన్నారు. ముఖ్య అతిథిగారి బిరుదులు వచ్చేవేళకు ముఖ్య అతిథిగారు సైతం బిర్యానీ దగ్గర ఉన్నారు. కుర్చీల్లో విజయశ్రీ ఒక్కతే మిగిలింది. ఇంటికి తొందరగా చేరాలన్న కంగారులో చెప్పులు వెతుక్కుంటూ ఆగిపోయాను కనుక, తర్వాతిది నాకు తెలిసింది.

చప్పుళ్లన్నీ ఆగాయి. గౌతమి మెల్లగా వచ్చి అక్క ముందు నిలబడింది.

"మీ కాలనీ కుక్కర్లు మంచిగ పాడినయి. నీ పాట ఎప్పుడొస్తదే?" అంది విజయశ్రీ.

"అయిపోయిందక్కా."

విజయశ్రీ ఖాళీ స్టేజీ వైపు ఒకసారి చూసింది, చెల్లెలి వైపు చూసింది. పక్క కుర్చీ మీద ఎవరో వదిలేసిన ప్లేటు తీసి కింద పెట్టింది.

"నేను వచ్చింది గీ మోటార్లు వినేతందుకు కాదు. కూసో. ఇప్పుడు పాడు."

గౌతమి కూర్చుంది. మైకు లేదు, చప్పుళ్లు లేవు. తల వంచుకుని, ఒళ్లో చేతులతో ఏదో మూట విప్పుతున్నట్టు వేళ్లు కదుపుతూ పాడింది. ఆ గొంతు భోజనాల దాకా పోయింది. మావాళ్లు విని, ప్లేట్లు పట్టుకుని ఒక్కొక్కరే వెనక్కి వచ్చారు. ఇంత మంచి గొంతు మన కాలనీలో ఉందా అని ఒకరినొకరు అడిగారు. చివరి చరణానికి వచ్చేసరికి అక్కాచెల్లెళ్ల చుట్టూ జనం కమ్ముకున్నారు. అందరి చేతుల్లో ఫోన్లు లేచాయి. ఆ చరణం మధ్యలో విజయశ్రీ చెల్లెలి చెయ్యి పట్టుకుని తన సంచి మీద పెట్టుకోవడం నాకు కనిపించింది. పాట ముగిశాక ఇద్దరూ ఎవరితోనూ చెప్పకుండా ఒకే ఆటో ఎక్కారు. ఆటో నాచారం వైపు తిరిగింది.

ఆ చరణంలో ఆమె అక్కతో ఏమందో తెలుసుకోవాలని మీకు ఉంటుంది. మాకూ ఉంది. సంఘం అత్యవసర సమావేశం జరిపి, ఆ చరణాన్ని అధికారికంగా పాటలో చేర్చడానికి అందరి ఫోన్లూ తెప్పించి విన్నది. ఏ ఫోనులోనూ ఆ చరణంలోది ఒక్క మాట వినపడలేదు. ప్రతి ఫోనులోనూ ఆ ఫోను యజమాని గొంతు మాత్రం స్పష్టంగా, గట్టిగా, శ్రుతి తప్పకుండా పక్కవాళ్లతో ఇలా అంటోంది: "ష్, సప్పుడు జేయకున్రి. పిల్ల పాడుతుంది గద, జర విననియ్యున్రి."

నా ఫోనులో అన్నది నేనే.