కలకంఠి గారి కొలత

ఒక పెద్ద అడవిలో, మోదుగులు పూసి కొండ కొండంతా పెళ్ళికూతురిలా ఎర్రబడిన రోజుల్లో, సింహం గారికి నిండు సభలో తల కొట్టేసినట్టయింది.

ఏటి అవతలి అడవి నుంచి చుట్టపుచూపుగా వచ్చిన చిలక ఒకటి ఊరుకోక, "పిల్లల్ని పెంచుకోవడానికి మా అడవిని మించింది లేదంట, అందరూ అనుకుంటున్నారు" అనేసింది.

సింహం గారు జూలు దులిపి, "మరి మనది ఎన్నో స్థానం?" అన్నారు.

"ఇంకా ఎవరూ కొలవలేదు ప్రభూ! కొలిస్తే మొదటిదే వస్తుంది," అంది నక్క కార్యదర్శి, తోక ముడుచుకుని.

"అయితే కొలిపించు!"

కొలిచే పని కోకిల కలకంఠికి అప్పగించారు. ఆవిడ గొంతు వింటే మిట్టమధ్యాహ్నం కూడా వెన్నెల కాసినట్టుండేది. అంత తీయటి గొంతులోంచి తప్పు మాట వస్తుందని ఎవరికి మాత్రం అనిపిస్తుంది?

అడవికోడి సూరమ్మకి అనిపించింది. రెక్కల కింద పిల్లల్ని సర్దుకుంటూ, "అంతా బానే ఉంది గానీ అమ్మాయ్, నువ్వు ఎంతమందిని పెంచావే?" అని అడిగింది.

"ఒక్కర్నీ పెంచలేదు పిన్నీ. అందుకే నాకు పక్షపాతం లేదు," అంది కలకంఠి.

సభంతా చప్పట్లు. నిజమే మరి. కోకిలలు గుడ్డు పెడితే కాకి గూట్లో పెట్టి ఎగిరిపోతాయి. పొదిగేదీ, మేపేదీ కాకే. ఆ సంగతి కాకులకి తప్ప అడవిలో అందరికీ తెలుసు. తెలిసినా ఎవరూ అనరు, బాగుండదని.

కలకంఠి అడవులు తిరగడానికి బయల్దేరింది. వెదురు అడవిలో ఆవిడకి కూర్చోడానికి కొమ్మ కూడా చూపించలేదు. మడ అడవిలో ఉప్పుగాలికి గొంతు బొంగురుపోయింది. ఏటి అవతలి అడవిలో మాత్రం నెత్తిన పెట్టుకున్నారు. అక్కడ కోకిలలే లేవు పాపం, అలాంటి పాట వినడం వాళ్ళకదే మొదలు. పాట పాటకీ మేడిపళ్ళు తెచ్చి పెట్టారు. "ఇంత మంచి అడవిలో పిల్లలు ఎంత బాగా పెరుగుతారో!" అనుకుంది ఆవిడ, మేడిపండు నములుతూ.

తిరిగొచ్చి సభలో చదివింది. "ఏటి అవతలి అడవిది మొదటి స్థానం. అక్కడి కొమ్మలు ఊగవు, ఊపుతాయి. అక్కడ పాము కూడా ముందు బుస కొట్టి గానీ చెట్టెక్కదు. తండ్రి పక్షులు గూడు వదిలి పోనే పోవు."

"మరి మనది?" అన్నారు సింహం గారు.

"చివరిది ప్రభూ."

సభ చివర కూర్చున్న ఆడకాకి నీలవేణి వెక్కి వెక్కి ఏడ్చింది.

"నాకు తెలుసండీ! పోయినేడు నా గూట్లో ముగ్గురు పిల్లలు. ఒకడికి ఎంత పెట్టినా ఆకలే. వాడి నోరు నింపేసరికి మిగతా ఇద్దరూ తిండి చాలక చచ్చిపోయారు. ఆ బతికినవాడన్నా నిలిచాడా? గొంతు మారిపోయి, 'కావు'మనమంటే 'కూ' అన్నాడు. ఒకరోజు చెప్పాపెట్టకుండా ఎగిరిపోయాడు. ఇదంతా ఈ అడవి గాలి మహిమ కాదూ?"

కలకంఠి ఈకలు సవరించుకుంది. "గాలే అయ్యుంటుంది," అంది మెల్లిగా.

నీలవేణి మొగుడు కాటుకయ్య గొణిగాడు. "పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారటే? పుట్టిన చెట్టు వదిలి ఎక్కడికి పోతాం?"

"నువ్వుండు. నీకు చెట్టు ముఖ్యం. నాకు పిల్లలు. ఈసారి కూడా పోతే నేను బతకను," అంది నీలవేణి. కాటుకయ్య రెక్కలు విదిల్చి ఆవిడ వెనకే లేచాడు.

వాళ్ళని చూసి మిగతా కాకులూ కదిలాయి. సాయంత్రపు ఎరుపులో ఏరు దాటిపోతున్న ఆ నల్లటి గుంపుని చూస్తే ఎవరికైనా గుండె తరుక్కుపోయేది. సింహం గారి కళ్ళు కూడా చెమర్చాయి.

నక్క ఓదార్చింది. "దిగులు పడకండి ప్రభూ. కాకిపిల్లలే లేని అడవిలో కాకిపిల్లల కష్టాలుండవు. వచ్చే ఏడు మన స్థానం పైకే!"

మామిడి పిందెలు పడే వేళకి కలకంఠికి కడుపు బరువెక్కింది. అలవాటు ప్రకారం కాకి గూళ్ళు వెతికింది. ఒక్కటీ లేదు. ఏరు దాటిపోదామంటే రెక్కలు లేవట్లేదు. సిగ్గు విడిచి సూరమ్మ దగ్గరికి వెళ్ళింది.

"పిన్నీ, నా గుడ్డు కాస్త పొదిగిపెడతావా?"

"అమ్మో, అంత చదువుకున్నదాని గుడ్డే! నా కిందుంటే దాని స్థానం పడిపోదూ?" అని సూరమ్మ పిల్లల్ని తోలుకుపోయింది.

కలకంఠి ఏడుస్తూ పుల్లలు ఏరింది. ఒకటి పెడితే రెండు జారేవి. ఎలాగో ఒక కుప్ప చేసి, అందులో గుడ్డు పెట్టి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కూర్చుంది. వాన పడ్డా లేవలేదు. పాట మానేసింది. పాడితే పాముకి తెలుస్తుందని భయం.

ఒకరోజు నీలవేణి ముక్కున మేడిపండుతో వచ్చి వాలింది.

"మీకు దణ్ణం పెట్టి పోదామని వచ్చానమ్మగారూ! మీరు చెప్పింది అక్షరాలా నిజం. ముగ్గురూ బతికారు! ముగ్గురూ 'కావు'మంటున్నారు, ఒక్కడి గొంతూ మారలేదు. ఏం అడవండీ అది!"

కలకంఠి తల దించుకుని, గుడ్డు మీద ఇంకాస్త సర్దుకుని కూర్చుంది.

"అయ్యో, ఈ పుల్లల్లో ఈ అవస్థ ఏంటండీ? అంత మంచి అడవి మాకు చూపించి మీరిక్కడ ఉండిపోవడమేంటి? మా పక్క కొమ్మ ఖాళీయే, వచ్చేయండి!"

"వద్దు నీలవేణీ," అంది కలకంఠి. "నేనొస్తే ఆ అడవి చివరి స్థానానికి పోతుంది."

"ఎంత వినయమండీ మీకు!" అని కళ్ళు తుడుచుకుని, నీలవేణి పిల్లల దగ్గరికి ఎగిరిపోయింది.

నీతి: పిల్లల్ని పెంచడానికి ఏ చోటు మంచిదో పెద్ద నిపుణుల్ని అడిగి తెలుసుకోవాలి, ఆ నిపుణులు లేని చోటు చూసుకుని వెళ్ళిపోవాలి.